తేలే ఇటుక, చిన్న బండి

(హన్మకొండలో మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు వరంగల్‌కు చెందిన ఒక గ్యారేజీ యజమాని మాట్లాడినది. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. సార్ నన్ను పరిచయం చేస్తూ ఆటోమొబైల్ నిపుణుడని అన్నారు. అంత పెద్ద మాట వద్దు సార్. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివినవాణ్ణి. పదిహేడో ఏట పానా పట్టుకున్నా, ముప్పై రెండేళ్లయింది, ఇంకా దింపలేదు. మీ దగ్గర ఈక్వేషన్లున్నాయి, నా దగ్గర గ్రీసుంది. ఇవాళ రెండూ కాస్త కలుపుదాం.

ముందు ఒక సంగతి చెప్పండి. ఇక్కడ రామప్ప గుడి చూడనివాళ్లు ఎంతమంది? సిగ్గుపడకుండా చేతులెత్తండి. (నవ్వులు) ముగ్గురు. పాలంపేట ఇక్కణ్నుంచి డెబ్బై కిలోమీటర్లు కూడా లేదు. ఈ ఆదివారం మీ దోస్తులే తీసుకుపోవాలి మిమ్మల్ని.

1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు మనమందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. అక్కడ గైడ్ చెప్పే ముచ్చట ఒకటుంది, మీకూ తెలుసు. శిఖరంలో వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది. అడుగున ఇసుక నింపిన పునాది, ఆపైన రాతి గోడలు, రాతి స్తంభాలు. అంతా బరువే. శిఖరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ శిల్పులు రాయి మానేసి గుల్ల ఇటుక పట్టుకున్నారు. గైడ్ దాన్ని అద్భుతం అని చెప్తాడు, సెల్ఫీ దిగుతాం, వచ్చేస్తాం. నాకు మాత్రం అక్కడ నిలబడితే మా ఉస్తాద్ గుర్తొస్తాడు. బండి మీద క్యారియర్ బిగించుకుంటానని ఎవరైనా వస్తే ఆయన ఒకటే మాట అనేవాడు: "పైన బరువు పెట్టకురా, మూలమలుపుల అదే నిన్ను తోస్తది."

ఎనిమిది వందల ఏళ్ల కింద రామప్ప శిల్పికి తెలిసిన విషయం మా ఉస్తాద్‌కి తెలుసు. మరి ఇప్పుడు మన షోరూముల్లో ఏం జరుగుతోంది? బండి కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న, సన్‌రూఫ్ ఉందా? పైకప్పులో రేకు కోసేసి, దాని చోట అద్దం, ఆ అద్దానికి ఫ్రేము, మోటారు, పట్టాలు. కప్పంతా పరుచుకునే పనోరమిక్ అయితే అదంతా కలిపి పదుల కిలోల బరువు. ఎక్కడ? బండిలో అన్నిటికంటే ఎత్తైన చోట! శిల్పి తేలే ఇటుక పెట్టిన చోట మనం అద్దం పెట్టించుకుని, దానికి ఎదురు పైసలు కూడా ఇస్తున్నాం. వరంగల్ ఎండలో దాన్ని తెరిచేదెప్పుడో నాకర్థం కాదు. (నవ్వులు) మే నెలలో ఒకసారి తెరిచి చూడండి, మీకే తెలుస్తుంది.

అటు బీఎండబ్ల్యూ వాళ్లు 2003లో ఎం3 సీఎస్ఎల్ అని ఒక బండి తీసి, దాని పైకప్పు మొత్తం కార్బన్ ఫైబర్‌తో చేశారు. తగ్గింది ఆరేడు కిలోలే. ఆరేడు కిలోల కోసం అంత ఖర్చా అనుకుంటారు. ఆ ఆరేడు కిలోలు ఎక్కడ తగ్గాయన్నదే లెక్క.

సరే, అసలు విషయానికి వస్తా. నేను మాట్లాడబోయేది ఆటబండ్ల గురించి. అదే, స్పోర్ట్స్ కార్లు. మీ ఫోన్లలో రీల్స్ చూస్తే ఆటబండి అంటే వెయ్యి హెచ్‌పీ ఇంజన్ బలం, మూడు వందల స్పీడు, కోట్ల రేటు. నేను చెప్పేది ఇంకో రకం. చిన్నది, తేలికైనది, మామూలు మనిషి కొనుక్కోగలిగేది. నా అనుభవంలో నిజంగా మజా ఇచ్చినవి అవే. ఎందుకో చెప్తా. ముందు మా కాంటా కథ వినండి.

నేను పనిలో చేరిన కొత్తలో, తొంభైల్లో అనుకోండి, మా ఉస్తాద్ ఒక పాత మారుతి 800 కొన్నాడు. 796 సీసీ, మూడు సిలిండర్లు, నలభై హెచ్‌పీ కూడా లేదు. ఉస్తాద్‌కి ఒక స్నేహితుడుండేవాడు, మిర్చి వ్యాపారి. ఆయనకి 1.8 లీటర్ల కాంటెస్సా ఉంది, 88 హెచ్‌పీ. రాజా బండి అది, వెనక సీట్లో కూర్చుంటే మంచమే. "నీ డబ్బా నా బండి దుమ్ము కూడా తాకదు" అని ఆయన ఎక్కిరింపు. రోడ్డు మీద పందాలు పెట్టుకునే మనిషి కాదు మా ఉస్తాద్. ఊరి బయట ఒక ఖాళీ జాగాలో సున్నంతో గీతలు గీసి, తారు డ్రమ్ములు పెట్టి, వాటి మధ్యలోంచి మెలికలు తిరుగుతూ పోయి రావాలి, గడియారం పెడదాం అన్నాడు.

పందానికి ముందురోజు సాయంత్రం ఉస్తాద్ నన్ను పిలిచి, "దీనిల అక్కరలేనిదంతా తియ్యి" అన్నాడు. ముందు బండిని ఏనుమాముల మార్కెట్ దగ్గర కాంటా మీదికి తీసుకుపోయాం. మిర్చి సీజను, ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి. కాంటా ఆయన మా 800ని చూసి, "ఏం లోడన్నా?" అన్నాడు. లోడేం లేదు, బండినే తూచు అంటే మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూశాడు. స్లిప్పు మీద 740 వచ్చింది. నిజానికి ఆ మోడల్ బరువు రమారమి 650. మిగిలిందంతా పాత ఓనరు తగిలించుకున్న సంసారం.

గ్యారేజీకి తెచ్చి ఒక్కోటి ఊడదీసి, పక్కనున్న కిరాణా కొట్టు తక్కెడ మీద తూచాం. బండి ముక్కుకు బిగించిన ఇనుప గార్డు పద్నాలుగు కిలోలు. వూఫర్ డబ్బా పదిహేడు. వెనక సీటు పదహారు. ఏసీ సామాను ఇరవై నాలుగు. స్టెప్నీ, జాకీ కలిపి పదిహేను. కింద పరిచిన ప్లాస్టిక్ షీటు ఐదు, అది తీస్తే కింద తుప్పు కూడా బయటపడింది. ఇక డిక్కీలో గొలుసు, పాత పట్టీలు, ఎవరిదో గేర్‌బాక్స్ సామాను, ఒక కొబ్బరికాయ. ఇదంతా ఇంకో పద్నాలుగు. కొబ్బరికాయ ఎప్పటిదో మరి, పూజ రోజుదై ఉంటుంది. (నవ్వులు) మొత్తం కూడితే 105 కిలోలు. మళ్లీ కాంటాకు పోతే 635. ఆ కాంటా ఆయన ఈసారి నవ్వలేదు, స్లిప్పు రెండుసార్లు చూసుకున్నాడు.

ఒక మాట, మీరింటికి పోయి స్టెప్నీ తీసి పడెయ్యకండి. అది ఖాళీ జాగాలో ఒక్క పూట ఆట. రోడ్డు మీద తిరిగే బండికి స్టెప్నీ ఉండాల్సిందే. ఆ ఇనుప గార్డు మాత్రం తీసెయ్యండి. 2017లో కేంద్ర రవాణా శాఖే వాటిని పెట్టుకోవద్దని చెప్పింది.

పందెం సంగతి ఊహించే ఉంటారు. మొదటి డ్రమ్ము దాకా కాంటెస్సాదే పైచేయి. డ్రమ్ము దగ్గర బ్రేకు కొట్టి తిప్పాలి కదా, అక్కడ ఆ రాజా బండి ముక్కు వంచి, టైర్లు కీచుమని, వెడల్పుగా పోయి, మళ్లీ దారికొచ్చేసరికి మా ఉస్తాద్ రెండో డ్రమ్ము తిరుగుతున్నాడు. చివరికి ఏడు సెకన్లు తేడా. మిర్చి సేటు మంచి మనిషి, అందరికీ ఇరానీ చాయ్ తాగించాడు. బండి మాత్రం మార్చలేదు.

ఇప్పుడు మీ ఈక్వేషన్లకు వద్దాం. పవర్ ఎక్కువుంటే ఎక్కడ పనికొస్తుంది? తిన్నగా పోయే రోడ్డు మీద, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు. బరువు తక్కువుంటే? నొక్కినప్పుడు పికప్ దొరుకుతుంది, ఆపినప్పుడు తొందరగా ఆగుతుంది, తిప్పినప్పుడు తిరుగుతుంది, గుంతలో పడి లేచినప్పుడు తొందరగా నిలదొక్కుకుంటుంది. ఆటబండ్లు చేసే ఇంగ్లండ్ కంపెనీ లోటస్‌ను పెట్టిన కాలిన్ చాప్‌మన్ పేరు మీద ఈ భావం ప్రపంచమంతా చెలామణీలో ఉంది. పవర్ పెంచితే తిన్నని దారిలో వేగం పెరుగుతుంది, బరువు తగ్గిస్తే అన్నిచోట్లా పెరుగుతుంది అని.

టైరు సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. టైరు మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ బరువు రెండింతలైతే పట్టు రెండింతలు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. టైరు మీద లోడు పెరిగేకొద్దీ ఒక్కో కిలోకు దొరికే పట్టు తగ్గుతూ వస్తుంది. మలుపులో బండి ఒరిగినప్పుడు లోపలి టైర్ల మీదున్న బరువు బయటి టైర్ల మీద పడుతుంది, అక్కడే దెబ్బ. అందుకే బరువు బండికి వెడల్పు టైర్లు కావాలి. వెడల్పు టైర్లకు పెద్ద రిమ్ములు, ఆ రిమ్ముల్ని ఆపడానికి పెద్ద బ్రేకు డిస్కులు, వాటన్నిటినీ మొయ్యడానికి లావు సస్పెన్షన్ ఆర్ములు. వాటితో బండి బరువు ఇంకా పెరుగుతుంది, దాన్ని లాగడానికి ఇంకా పెద్ద ఇంజన్ కావాలి. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టే. తేలిక బండిలో ఇదంతా తిరగబడుతుంది. ఒక్క చోట పది కిలోలు తగ్గిస్తే, ఇంకో చోట రెండు కిలోలు ఊరికే తగ్గుతాయి.

ఇప్పుడు ఒకరు ముందుకు రండి. రా చెల్లె, నువ్వే. ఈ కర్ర పట్టుకో. రెండు చివరలా ఒక్కో లీటరు నీళ్ల సీసా కట్టి తెచ్చా. కర్ర మధ్యలో పట్టుకుని ఎడమకూ కుడికీ గబగబా తిప్పు. ఎట్లుంది? (మణికట్టు లాగుతోంది అంకుల్.) ఇప్పుడు అవే సీసాలు జరిపి నీ చెయ్యి దగ్గరికి తెస్తున్నా. తిప్పు. (చాలా ఈజీగా ఉంది.) బరువు మారలేదు, అవే సీసాలు, అదే కర్ర. బరువు ఎక్కడుందో అది మారింది. దీన్ని మీరు మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అని పరీక్షలో రాస్తారు, ఇప్పుడు ఈమె మణికట్టుకు తెలిసింది. ముక్కు బయటికి ఇంజన్ వేలాడేసుకున్న బండి మొదటి కర్ర. ఇంజన్ రెండు ఇరుసుల నడుమకు తెచ్చుకున్న బండి రెండోది. థాంక్స్ చెల్లె, సీసాల్లో నీళ్లు తాగేవే, పారబోయకండి.

చరిత్రలో దీనికి మంచి సాక్ష్యం ఒకటుంది. 1964 మాంటే కార్లో ర్యాలీ. ఆల్ప్స్ కొండలు, మంచు, ఘాట్ రోడ్లు. ఒక పక్క 4.7 లీటర్ల వీ8 ఇంజన్ ఉన్న ఫోర్డ్ ఫాల్కన్. ఇంకో పక్క 1071 సీసీ మినీ కూపర్ ఎస్, పది అంగుళాల చక్రాలు, రమారమి 650 కిలోలు. గెలిచింది ప్యాడీ హాప్‌కిర్క్ నడిపిన మినీ. ఇక్కడ నిజం మొత్తం చెప్పాలి. గడియారం పెట్టి పరుగెత్తే స్టేజీల్లో ఫాల్కన్ టైమింగే ముందుంది, అప్పటి పోటీలో ఇంజన్ సైజును బట్టి చిన్న బండికి వెసులుబాటిచ్చే హ్యాండిక్యాప్ లెక్కలుండేవి, అవి మినీకి కలిసొచ్చాయి. ఒక్కసారే అయితే అదృష్టం అనుకోవచ్చు. 1965లో మినీ మళ్లీ గెలిచింది, 1967లో మళ్లీ. నాలుగు రెట్లకు పైగా పెద్ద ఇంజన్ పక్కన ఆ డబ్బా నిలబడి పోటీ పడిందంటే దాని తక్కువ బరువే పెద్ద కారణం.

లోటస్ వాళ్ల ఎలీస్ 1996లో వచ్చింది. నాకు ఫొటోల్లో చూసినా కడుపు నిండే బండి. దాని ఛాసీ, అంటే బండి అస్థిపంజరం, అల్యూమినియం ముక్కలను వెల్డింగ్ చెయ్యకుండా జిగురుతో అతికించి చేసింది. జిగురంటే మన ఫెవికాల్ కాదు, విమానాల్లో వాడే తరహా ఎపాక్సీ. ఆ ఛాసీ మొత్తం బరువు 68 కిలోలు. ఈ హాల్లో అంతకంటే బరువున్నవాళ్లు చాలామందే ఉంటారు, నేను మొదటివాణ్ణి. (నవ్వులు) బండి మొత్తం 725 కిలోల దగ్గర, ఇంజన్ 118 హెచ్‌పీ. అంత చిన్న ఇంజనే, కానీ టన్నుకు లెక్కేస్తే నూట అరవై హెచ్‌పీ దాటింది.

ఎలీస్ అందరూ కొనేది కాదు. మామూలు ఉద్యోగస్తుడు కొనగలిగింది జపాన్ కంపెనీ మాజ్దా వాళ్ల ఎంఎక్స్-5. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో చూపించారు. 1.6 లీటర్ల ఇంజన్, 115 హెచ్‌పీ దగ్గర, బరువు 950 కిలోల దగ్గర, వెనక చక్రాలకు డ్రైవు, రెండే సీట్లు, చేత్తో మడిచే గుడ్డ టాపు. అమెరికాలో మొదటి రేటు 13,800 డాలర్లు. అప్పటికి ఇలాంటి బండ్లు చేసే ఇంగ్లండ్ కంపెనీలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఆ బండ్లు అందంగా ఉండేవి, ఆయిల్ కారేవి, వర్షమొస్తే కరెంటు పోయేది. మాజ్దా వాళ్లు ఆ అందం ఉంచి ఆయిల్ కారడం ఆపారు, అంతే. 2016 ఏప్రిల్‌లో పదిలక్షలవ బండి తయారైంది.

ఆ బండి వెనక జపాన్ వాళ్ల మాట ఒకటుంది, జిన్‌బా ఇత్తాయ్. గుర్రమూ రౌతూ ఒక్కటే కావడం అని. గుర్రం మీద పోతూ బాణాలు వేసే వాళ్ల పాత విద్య నుంచి వచ్చింది. మనకూ సామెతుంది కదా, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని. మన సామెతలో గుర్రానికి రౌతు మీద నమ్మకం లేదు, వాళ్ల మాటలో ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ ఒప్పందం కోసం వాళ్లు గ్రాముల లెక్కన పనిచేశారు. మూడో తరం బండికి లోపలి అద్దం, అదే వెనక చూసుకునే చిన్న అద్దం, మళ్లీ డిజైన్ చేసి 84 గ్రాములు తగ్గించారు. ఎనభై నాలుగు గ్రాములు! మన దగ్గర ఆ అద్దానికి వేలాడదీసే దండలూ నిమ్మకాయలూ తూస్తే అంతకంటే ఎక్కువుంటాయి.

రెండో పక్క బుగాటీ వేరాన్ సంగతి రెండు మాటల్లో. 2005లో వచ్చింది, 1001 హెచ్‌పీ, 407 కిలోమీటర్ల వేగం, పది రేడియేటర్లు, బరువు రెండు టన్నులకు కొంచెం తక్కువ. ఆ వేగంలో పోతే వంద లీటర్ల ట్యాంకు పన్నెండు నిమిషాల్లో ఖాళీ. దాన్ని చేసిన ఇంజనీర్లకు దండం పెడతా. కానీ దాన్ని హంటర్ రోడ్డు మీద పెడితే ఏం చేస్తారు మీరు? స్పీడ్ బ్రేకరు దగ్గర ఆగుతారు, దిగి కింద తగులుతుందా అని వంగి చూస్తారు.

నా స్వంత దెబ్బ కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా కొననివాడి ఏడుపు అనుకుంటారు. 2011లో చేతిలో నాలుగు పైసలాడాయి. ఇంట్లో మారుతి జెన్ ఉన్నా, హైదరాబాద్‌లో ఒక విదేశీ సెడాన్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొన్నా. కంపెనీ పేరు చెప్పను, తప్పు బండిది కాదు, నాది. దగ్గర దగ్గర రెండు వందల హెచ్‌పీ, పదహారు వందల కిలోలు. హైవే మీద పోతుంటే మేఘం మీద పోయినట్టుండేది. ఒకసారి ఇంటిల్లిపాదీ ఆదిలాబాద్ పెళ్లికి పోయి వస్తున్నాం. నిర్మల్ వైపు మహబూబ్ ఘాట్ దిగాలి, పాత రోడ్డు, మెలిక మీద మెలిక. నలుగురం, వెనక డిక్కీ నిండా పెళ్లి సామాను. ఆటోమేటిక్ గేరు, నేను దాన్ని కింది గేరులో పెట్టలేదు, బ్రేకు మీదే కాలు. మెకానిక్‌ని, బుద్ధి ఉండాలి కదా, లేకపోయింది. నాలుగో మలుపు దగ్గర బ్రేకు పెడల్ మెత్తబడింది. ఐదో మలుపులో కాలిన వాసన. హ్యాండ్ బ్రేకు, కింది గేరు, పక్కన కొండవైపుకు ఆనించి ఎట్లనో ఆపా. చక్రాల దగ్గర పొగ. కోతులొచ్చి చుట్టూ కూర్చున్నాయి. మా ఆవిడ ఏమీ అనలేదు, అరటిపండు ఒకటి కోతికిచ్చి, "మీ నాయనకు చెప్పు, మన జెన్ అమ్మొద్దని" అన్నది మా అబ్బాయితో.

డిస్కులు, ప్యాడ్లు మార్చితే నలభై ఒక్క వేలయింది. టైర్లు కూడా అయిపోవచ్చాయి, ఒక్కోటి పన్నెండు వేలు అన్నారు. ఆ బండి అమ్మేశా.

ఆ జెన్ ఇప్పటికీ ఉంది. 993 సీసీ అల్యూమినియం ఇంజన్, యాభై హెచ్‌పీ, బరువు ఏడున్నర వందల దగ్గర. జెన్ 1993లో వచ్చింది. మన దేశంలో తయారై యూరప్‌కు ఎగుమతి కూడా అయిన బండి. నాది పవర్ స్టీరింగ్ లేని మోడల్. తర్వాతి నెల కావాలనే దాన్ని అదే ఘాట్‌కు తీసుకుపోయా, ఒక్కణ్నే. ఎక్కేటప్పుడు రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. స్పీడు నలభై, నలభై ఐదు, అంతకు మించలేదు. కానీ ఆ నలభైలో ఎంత పని! ఇంజన్ గొంతు విని గేరు వెయ్యాలి, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి, లేకపోతే మళ్లీ ఎత్తుకోవడానికి దాని దగ్గర బలం లేదు. ముందు టైరు ఇసుక మీద పడితే స్టీరింగ్ కొంచెం తేలికైంది, అది నా వేళ్లకు తెలిసింది. తారు గరుకైన చోట సన్నగా వణికింది. పెద్ద బండిలో ఇవేవీ నా దాకా రాలేదు, దారిలోనే రబ్బర్లూ మోటార్లూ మింగేశాయి. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజనే బ్రేకు. కిందికొచ్చి చక్రం ముట్టుకున్నా, వెచ్చగా ఉంది, అంతే.

ఆ పెద్ద బండిలో ఉన్న రెండు వందల హెచ్‌పీలో నేను వాడుకున్నది పావు వంతు. జెన్‌లో ఉన్న యాభైకి యాభై వాడుకున్నా, అదీ చట్టం దాటకుండా. నాకు ఆటంటే అదే. పళ్లెంలో వడ్డించింది మొత్తం తినడం.

డబ్బు సంగతి కూడా ఇందులోదే, వేరు కాదు. జెన్ టైరు మూడు మూడున్నర వేలకు వస్తుంది. గీత పడితే మా గ్యారేజీలో పొద్దున పుట్టీ, సాయంత్రం రంగు. అందుకే దాన్ని భయం లేకుండా నడుపుతా. ఎనభై లక్షల బండి కొన్న మనిషి పార్కింగ్‌లో రెండు బండ్ల జాగా ఆక్రమించి, భోజనం చేస్తూ కూడా కిటికీలోంచి దాన్నే చూస్తుంటాడు. నా దగ్గరికి వస్తారు అలాంటివాళ్లు, మూడేళ్లలో ఆరు వేల కిలోమీటర్లు తిరిగిన బండ్లతో. బ్యాటరీ దిగిపోయిందని.

మన దేశంలో ఇలాంటి ఆటబండి చేద్దామని ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. బెంగళూరులో సిపానీ వాళ్లు ఎనభైల్లో డాల్ఫిన్ అని ఫైబర్ బాడీ కారు చేశారు. ఇంట్లో వాడేవాళ్లకు నచ్చలేదు, రెండే తలుపులు. కానీ మద్రాసు దగ్గర షోలవరం రేసుల్లో అది మంచి పేరు తెచ్చుకుంది, తేలిక కాబట్టి. గోవాలో తొంభైల చివర్లో శాన్ స్టార్మ్ అని రెండు సీట్ల టాపు లేని బండి వచ్చింది, ఫైబర్ బాడీ, రెనో 1.2 లీటర్ ఇంజన్. నేను ఒక్కసారే చూశా, పసుపు రంగుది, సికింద్రాబాద్‌లో. వెంట నడుచుకుంటూ పోయా కొంత దూరం. అమ్ముడుపోలేదు. అదే ధరకు ఐదుగురు కూర్చునే బండి దొరుకుతుంటే రెండు సీట్లకు మన ఇళ్లల్లో ఎవరొప్పుకుంటారు? అత్తమ్మను ఎక్కడ కూర్చోబెడతావు? (నవ్వులు) మనకు ఆటబండి అంటే ఆటకూ సంతకూ ఒకటే బండి కావాలి. అందుకే మన ఆటబండ్లన్నీ హ్యాచ్‌బ్యాక్‌ల వేషంలోనే ఉంటాయి.

మీ నాన్నల ఆటబండి మాత్రం అందరికీ తెలుసు. యమహా ఆర్ఎక్స్ 100 బైకు. 1985లో వచ్చింది, 98 సీసీ, 11 హెచ్‌పీ, బరువు వంద కిలోల దగ్గర. అప్పటి బుల్లెట్ ఇంజన్ దానికి మూడున్నర రెట్లు. చౌరస్తాలో సిగ్నల్ పడగానే మొదటి వంద గజాల్లో ఎవరు ముందు పోయేవాళ్లో ఇంటికి పోయి అడగండి. మీ నాన్న కళ్లు చూడండి చెప్తున్నప్పుడు.

మీ షెడ్డులో బాహా బండి, అదే మీరు కాలేజీల పోటీకి కడుతున్న మట్టిదారి బండి, చూశా ఇందాక. మంచి పని చేస్తున్నారు. ఆ పోటీలో అన్ని టీములకూ ఒకే ఇంజన్, పది హెచ్‌పీ. మారుద్దామన్నా కుదరదు. అంటే మీ చేతిలో మిగిలింది బరువూ, గేరింగూ, డ్రైవరూ. నేను చూసిన ఒక తప్పు చెప్తా, ఏమనుకోవద్దు. మీ పెడల్ బాక్స్‌కు ఆరు మిల్లీమీటర్ల పట్టీ వాడారు. ఎందుకంటే షెడ్డులో ఆ పట్టీ ఉంది కాబట్టి. అవునా కాదా? (నవ్వులు, అవును సార్) అట్లనే చేరుతుంది బరువు. ఎవరూ కావాలని పెట్టరు, చేతికందింది పెడతారు. రేపటి నుంచి షెడ్డులో ఒక తక్కెడ పెట్టండి. బండి మీదికి పోయే ప్రతి ముక్కా దాని మీద నుంచే పోవాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

(విద్యార్థి: సార్, బండి తేలికైతే యాక్సిడెంట్‌లో ప్రమాదం కాదా?)

మంచి ప్రశ్న తమ్ముడు, దాటవేయను. రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకుంటే బరువు తక్కువ బండిలో ఉన్నవాళ్లకే దెబ్బ ఎక్కువ. మొమెంటం లెక్క అది, నా అభిమానంతో మారదు. నా జెన్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదు, అందుకే ఇప్పుడు దాన్ని హైవే మీదికి తీసుకుపోను, మా అబ్బాయికివ్వను. కానీ తేలిక వేరు, బలహీనం వేరు. ఇప్పుడు గట్టి స్టీలు వాడి తక్కువ బరువులో బలమైన బాడీలు చేస్తున్నారు. 2015లో వచ్చిన ఎంఎక్స్-5 చూడు, ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ అన్నీ ఉండి కూడా టన్ను దగ్గరే ఆగింది. ఇరవై ఆరేళ్లలో పెరిగింది ఏ యాభై కిలోలో, వందో. చెయ్యాలనుకుంటే అవుతుంది. కొనేముందు, గుద్దుకుంటే బండి ఎంత భద్రమో చెప్పే మన భారత్ ఎన్‌క్యాప్ రేటింగ్ చూడండి, 2023 నుంచి ఇస్తున్నారు. ఊడదీసి తేలిక చేసే పని మాత్రం రోడ్డు బండి మీద వద్దు.

(విద్యార్థిని: ఎలక్ట్రిక్ బండ్లు వస్తే ఇదంతా పోతుందా అంకుల్?)

బ్యాటరీ బరువు నిజం చెల్లె. పెద్ద బ్యాటరీ వేసి రెండు టన్నులు చేసి, దానికి నాలుగు వందల హెచ్‌పీ ఇచ్చి, చూడు ఎంత పికప్పో అంటున్నారు. పికప్ ఉంది, ఒప్పుకుంటా, నేనూ నడిపా, మెడ వెనక్కి పోయింది. మొదటి మలుపులో మళ్లీ కాంటెస్సా గుర్తొచ్చింది. కానీ 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన ‘ఫార్ములా-ఈ’ అని కరెంటు బండ్ల రేసు జరిగింది కదా, ఆ బండ్లు డ్రైవర్‌తో కలిపి 850 కిలోల దగ్గరే. అంతకు ముందు తరం బండ్ల కంటే తేలిక. బ్రేకు వేసినప్పుడల్లా కరెంటు వెనక్కి తీసుకుని చిన్న బ్యాటరీతో సరిపెట్టుకున్నారు. దారి అటువైపుంది. దాన్ని మనం కొనే రేటుకు తేవడం మీ పని, అప్పటికి నాకు కళ్లద్దాల పవరు ఇంకా పెరుగుతుంది.

(విద్యార్థి: సార్, రెండు లక్షల్లో ఏం కొనాలి?)

పాత స్విఫ్ట్ పెట్రోలు చూడు. తుప్పు లేనిది, డబ్బు మొత్తం దాని మీద పెట్టకు. ముప్పై వేలు పక్కన ఉంచు. దాంతో నాలుగు మంచి టైర్లు, కొత్త షాకబ్జర్లు, కొత్త బ్రేక్ ఆయిల్. ఎగ్జాస్ట్ జోలికి పోకు, శబ్దమే పెరుగుతుంది. కొన్న రోజు ముందు డిక్కీ తెరిచి చూడు.

జెన్ బయట చెట్టు కింద ఉంది. గ్రౌండ్‌లో రెండేసి రౌండ్లకు సార్ పర్మిషన్ ఇచ్చారు, లైసెన్స్ ఉన్నవాళ్లకే. ఒక్కొక్కరే రండి, పక్కన నేను కూర్చుంటా. బ్యాగులు ఇక్కడే పెట్టి రండి.